ఛీపో

ఒక పెరట్లో ఒక కుక్క ఉండేది. ఎవరు కనిపించినా మీదికి దూకేది. పెరటికి పెద్ద తానేనని చెప్పుకునే కోడిపుంజు దాన్ని దారిలో పెట్టే పని నెత్తినేసుకుంది. కుక్క రాగానే "ఛీ పో!" అని అరిచి ముక్కు మీద పొడిచేది. మళ్లీ "ఛీ పో!" అంటే కుక్క ఇంకా దగ్గరికొచ్చేది. పొడవగా పొడవగా అది పళ్లు కూడా చూపించసాగింది.

"దీనికి దెబ్బ చాలట్లేదు," అంది పుంజు రొప్పుతూ.

ఇదంతా చూస్తున్న బాతు కుక్కనడిగింది. "నీ పేరేంటి నాయనా?"

"ఛీపో. పేరు పెట్టి పిలుస్తారు, పరిగెత్తుకెళ్తే పొడుస్తారు. ఇదేం పద్ధతో ఏమో!"

బాతు దానికి బుల్లెబ్బాయి అని పేరు పెట్టింది. పిలవగానే వచ్చి కుదురుగా కూర్చుంటే రొట్టెముక్క ఇచ్చింది. వారం తిరక్కుండానే బుల్లెబ్బాయి దూకడం మానేసింది.

"ఇది లంచం!" అని మండిపడి పుంజు గోడెక్కి కూసింది. ఇంట్లోంచి "నోర్ముయ్!" అనే కేక, వెనకే ఒక చెప్పు వచ్చాయి. పుంజు రెట్టింపు గొంతుతో కూసింది.

బుల్లెబ్బాయికి జాలేసింది. తన రొట్టెముక్కను గోడ కిందికి తోసి పిలిచింది.

"దిగి రండి నోర్ముయ్ గారూ, మీకూ మంచి పేరు పెట్టిద్దాం."