అతుకులకు కట్టు

“గోడకు పూత పెట్టుమంటే కట్టు కట్ట గుడ్డ అడుగుతున్నవేంది గాలయ్యా? దానికేమన్న కాలిరిగిందా?” పరమేశ్వర్ సేటు కింద నిలబడి అరిచాడు.

నార్కట్‌పల్లి సడకు పక్కనున్న తన ఇంట్లో పెద్ద అర్రను సేటు రెండు చేశాడు. పట్నంలో ఏదో సినిమా హాలు కూలుస్తుంటే దాని ప్లాస్టరు పలకలు చౌకగా కొనుక్కొచ్చి అడ్డంగా నిలబెట్టించాడు. ఇవతల తన కాపురం, అవతల కిరాయి. చేనేత సంఘం గుమాస్తా బాలస్వామి వచ్చి చూసి, ఒకటో తారీఖుకు దిగుతానన్నాడు. పిల్లికన్నా మెత్తటి మనిషి. గోడ అప్పటికి సిద్ధం కాకపోతే అంత మంచి బేరం ఇంకో ఇంటికి పోతుంది.

“అతుకుల మీద ఊకెనే పూస్తే నిలువది సేటూ,” అన్నాడు మేస్త్రీ గాలయ్య. “లారీ పోయినప్పుడల్ల పలకలు అదురుతయి. అదిరితే అతుకు కాడనే పగుల్తది. సందు దులిపి, తడిపి, ప్లాస్టరు కూరి, మీద గుడ్డ పట్టీ అంటియ్యాలె. అది ఆరినంకనే పూత.”

గట్టి గుడ్డయితే జన్మలో పగలదని లెక్కేసి, సేటు ఇంట్లోంచి మందపాటి దుప్పటి తెచ్చాడు. గాలయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూసి తిరిగిచ్చేశాడు.

“గిది పనికిరాదు. మస్తు గట్టిగుంది.”

“గట్టిది పనికిరాకపోవుడేందయ్యా!”

“పోగుల నడుమ సందుంటేనే ప్లాస్టరు లోపటికి దిగి పట్టుకుంటది. జల్లెడ లెక్కుండాలె.”

చివరికి పాత గోనెసంచులు చింపారు.

గాలయ్య ఒక వరుస పట్టీలు అంటించాడు. ఆరాక, వాటి మీద ఇంకాస్త వెడల్పువి. మర్నాడు మూడో వరుస. అడగకుండానే పూత కూడా రెండుసార్లు పెట్టాడు. అదనపు కూలి మాటే ఎత్తలేదు. ఇట్లాంటి పనివాడు దొరకడం తన తెలివేనని సేటు మీసం దువ్వుకున్నాడు.

గోడ ఆరి అద్దంలా నున్నగా తేలింది. గాలయ్య అవతలికి పోయి గొంతు చించుకుని అరిచి, పరుగున ఇవతలికొచ్చాడు.

“ఇనొచ్చిందా సేటూ?”

“జరంత. నీ ఇల్లయినట్టు నీకెందుకయ్యా గింత ఫికర్?”

గాలయ్య తాపీ కడుక్కుంటూ నసిగాడు.

“బాలస్వామి నా అల్లుడే సేటూ. ఆయన దేవుడు. నా బిడ్డ నోటికే ఇప్పటికి మూడిండ్లు ఖాళీ చేయించిండ్రు.”