తుమ్మిన పుర్రె

ఇప్పుడు ఇంటింటికీ ఆఫ్రికాలో తవ్వి తీసిన పూర్వీకుల పుర్రె నకలు ఒకటి ఇస్తున్నారు. స్విచ్ వేస్తే ఆనాటి గొంతుతో చప్పుళ్లు చేస్తుంది. మా ఇంటికొచ్చింది ముప్పై లక్షల ఏళ్ల కిందటి పసిబిడ్డది.

మొన్న నేను పోపు వేస్తుంటే, ఆ ఘాటుకో ఏమో, అది తుమ్మింది. కూరలు తరుగుతున్న మా అత్తగారు అలవాటుగా, తలైనా ఎత్తకుండా, "చిరంజీవ!" అన్నారు.

అంతే. అప్పట్నుంచీ స్విచ్ కట్టేసినా అది ఊపిరి పీలుస్తూనే ఉంది. అటకెక్కించినా వినిపిస్తోంది.

ఇవాళ దాన్ని కిందికి దించి, "ఆ మాట వెనక్కి తీసుకోండి అత్తయ్యా," అన్నాను.

"పసిబిడ్డ ముందు ఎంత మాటన్నావే!" అంటూ ఆవిడ పుర్రెను ఒళ్లోకి లాక్కుని, చెవి రంధ్రాలు రెండూ అరచేతులతో మూసేశారు.

అప్పటికే అది వినేసింది. ఆవిడ చేతుల మధ్య వెక్కి వెక్కి ఏడుస్తోంది.