నాబ్‌లు లేని స్టవ్

"స్టవ్‌కి నాబ్‌లు ఏవి?"

వంటింటి గుమ్మంలో నిలబడి, చేతి తొడుగులు కూడా తీయకుండా అడిగింది డెనిస్.

కుర్చీలో కూర్చున్న హిల్కా తీరిగ్గా నవ్వింది. డెబ్బై దాటిన మనిషి. నెరిసిన జుట్టు నున్నగా దువ్వి ఉంది, ఒంటి మీద ఇస్త్రీ మడత నలగని చొక్కా. "కాఫీ తాగుతారా?" అంది.

"నేనడిగింది నాబ్‌ల సంగతి."

"మావాడు పెడతాడు. చాలా బాగుంటుంది వాడి కాఫీ."

మావాడంటే క్లిఫ్. నలభై నాలుగేళ్ళవాడు, పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. ఇలాంటివాళ్ళను ఏ ఆశ్రమంలోనో పడెయ్యకుండా ఒక ఇంట్లో మనిషిగా ఉంచి, ఆ ఇంటివాళ్ళకు అప్పగిస్తుంది డెనిస్ పనిచేసే సంస్థ. క్లిఫ్‌ను చూసుకోవాల్సిన బాధ్యత హిల్కాది. తీరా చూడబోతే మహారాణిలా కూర్చున్నది ఆవిడ. వాకిట్లో మంచు ఎత్తి, గిన్నెలు తోమి, ఇప్పుడు కాఫీ మిషన్ దగ్గర నిలబడింది అతను. బాగుంది వరస! పక్కింటివాళ్ళు ఫోన్ చేసి చెప్పింది అక్షరాలా నిజమే.

అందుకే డెనిస్ ఈసారి చెప్పాపెట్టకుండా దిగింది. ముందుగా కబురు పెట్టి వస్తే ఈ థండర్ బే ఊళ్ళో ప్రతి ఇల్లూ పెళ్ళివారిల్లే.

వీధి తలుపుకి బాగా పైన, మునివేళ్ళ మీద నిలబడితే గానీ అందని చోట, ఒక గడియ. బాత్‌రూం మీద, బీరువా మీద, ఎక్కడ చూసినా అట్టముక్కలు, వాటి మీద పెద్ద పెద్ద అక్షరాలు. "ఒంటరిగా బయటికి వెళ్ళకూడదు." "కుళాయి కట్టెయ్యాలి." ఫ్రిజ్‌కి వేలాడుతున్న అట్ట చదివేసరికి డెనిస్‌కి ఒళ్ళు మండిపోయింది. "మధ్యాహ్నం భోజనం అయిపోయింది. మళ్ళీ అడగొద్దు."

"ఈ గడియ ఎప్పుడు పెట్టించారు హిల్కా గారూ?"

హిల్కా క్లిఫ్ వైపు చూసింది. "అక్టోబర్‌లో," అన్నాడు క్లిఫ్.

"క్లిఫ్ ఏ మందులు వేసుకుంటాడు?"

మళ్ళీ అదే చూపు. "థైరాయిడ్ మాత్ర. పొద్దున ఒకటి," అన్నాడు క్లిఫ్.

"నేను ఆవిడను అడుగుతున్నాను!"

"ఎవరు చెబితేనేం? మాత్ర మాత్రే కదా," అని హిల్కా మళ్ళీ నవ్వింది. "ఇంతకీ మిమ్మల్ని ఎవరు పంపారు?"

ఎంత పొగరు! డెనిస్ పళ్ళు నూరుకుంది. సంస్థ అప్పగించిన మనిషితో విడిగా, తలుపు వేసి మాట్లాడాలని రూలు. క్లిఫ్‌ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"వెయ్యొద్దు మేడమ్."

"ఆవిడ వింటుందని భయమా?"

"కాదు. వెయ్యొద్దు." క్లిఫ్ కాలు ఒకచోట నిలవడం లేదు. చూపంతా తలుపు మీదే.

"నిజం చెప్పండి క్లిఫ్. ఆవిడ మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టిందా?"

"ఒక్కసారి," అన్నాడు క్లిఫ్. "కావాలని కాదు. హిల్కా మంచిది."

దెబ్బలు తిన్నవాళ్ళందరూ చెప్పేది ఇదే మాట. "మిమ్మల్ని వేరే ఇంటికి తీసుకెళ్తాను. అక్కడ ఎవరూ మీచేత చాకిరీ చేయించరు."

"అక్కడ స్టవ్ ఉంటుందా?"

"ఉంటుంది. నాబ్‌లతో సహా."

"అయితే వద్దు," అన్నాడు క్లిఫ్ గాభరాగా.

పాపం, ఎంత హడలగొట్టి పెట్టిందో! ఇంక ఆలోచించడానికేమీ మిగల్లేదు. డెనిస్ బయటికి వచ్చి, హిల్కా ముందే ఆఫీసుకు ఫోన్ చేసింది. "గది సిద్ధం చేయించండి. ఇప్పుడే తీసుకొస్తున్నాను." తరువాత ఆవిడ వైపు తిరిగింది. "క్లిఫ్‌ను తీసుకెళ్తున్నాం. ఇక తిరిగి రాడు. మీరు చెప్పుకోవాల్సింది ఏమైనా ఉంటే రేపు ఆఫీసుకొచ్చి చెప్పుకోండి."

హిల్కా కాఫీ కప్పు కింద పెట్టింది. "అలాగే. చలిగా ఉంది, టోపీ పెట్టుకోమనండి," అంది చల్లగా.

ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి వెళ్ళిపోతున్నాడంటే కంట తడైనా లేదు! ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత రాతి గుండెను చూడలేదనుకుంది డెనిస్.

"సామాను సర్దుకోండి క్లిఫ్. త్వరగా."

క్లిఫ్ ఎదురు చెప్పలేదు. పావుగంటకు ఒక పెద్ద పెట్టె ఈడ్చుకుంటూ వచ్చాడు. మందులు, వెచ్చటి బట్టలు మరిచిపోయాడేమోనని డెనిస్ దాన్ని నడవాలోనే తెరిపించింది.

పైన పూలపూల ఆడవాళ్ళ నైటీలు. మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని మేజోళ్ళు. కట్టుడు పళ్ళ డబ్బా.

"ఇవన్నీ ఆవిడవి! మీవేవీ?"

"అడుగున ఉన్నాయి."

"ఆవిడ బట్టలు మీకెందుకు?"

క్లిఫ్ అప్పటికే హిల్కాను లేవదీసి, కోటు తొడిగి, ఒక్కో గుండీ పెడుతున్నాడు. ఆవిడ చిన్నపిల్లలా గడ్డం పైకెత్తి నిలబడింది.

"ఒక్కదాన్నే వదిలేసి ఎలా వస్తాను మేడమ్?" అన్నాడు క్లిఫ్. "పొద్దున్నే నేను చెప్తే గానీ తన పేరేమిటో హిల్కాకి తెలీదు."