దూడ చిక్కం

తెల్లవారుజామున అయిదు గంటలకు సువర్చల గేదె పెయ్యదూడను ఈనింది. దూడ లేచి నిలబడగానే, పశువుల ఆసుపత్రివాళ్లు ఇచ్చిన చిక్కాన్ని సువర్చల దాని మూతికి కట్టింది. ఇప్పుడు ఊళ్లో ఏ దూడా తల్లిపాలు తాగకూడదు. గడ్డిలోనూ నీళ్లలోనూ ఉన్న ప్లాస్టిక్ నలుసులు పాలలోకి దిగుతున్నాయి. ఈ గేదె కిందటి రెండు ఈతల దూడలూ ఆ పాలు తాగి నెల తిరక్కుండా చనిపోయాయి.

తల్లి కట్టుతాడు లాగుతూ అరుస్తోంది. దూడ మూతి తగలందే అది చేపదు, పొదుగులోకి పాలు వదలదు. చేపకపోతే పొదుగు గడ్డకడుతుంది.

"ఒక్క గుక్క తాగనియ్యమ్మా," అంది అత్తగారు అచ్చియ్యమ్మ. "జున్నుపాలు తాగని దూడ బతుకుద్దా?"

"తాగినవి బతికాయా అత్తయ్యా?"

"తాగినా చావే, తాగకపోయినా చావే. ముడులు మాత్రం బాగా వేశావు."

ఆకలికి ఆగలేక దూడ సాయంత్రానికి సీసాతో పొడిపాలు తాగింది.

మూడోరోజు మధ్యాహ్నం దూడ అరవడం మానేసి దవడలు ఆడిస్తోంది.

"నెమరేస్తోంది అత్తయ్యా. గండం గడిచినట్టే."

అచ్చియ్యమ్మ వంగి చూసింది. "మూడ్రోజుల దూడ నెమరెయ్యడమేంటే?"

సువర్చల చిక్కం విప్పింది. అచ్చియ్యమ్మ కాలంలో చిక్కాలు తాటినారతో అల్లేవారు. ఇది ప్లాస్టిక్ దారంతో అల్లింది. పొద్దున పాలు పట్టినప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు అల్లికలో ముందువైపు మూడు కన్నుల దారం లేదు.

సువర్చల దూడ నోట్లో వేలు పెట్టి వెతికింది. నోరు ఖాళీగా ఉంది.