పిలిస్తే పలికే బోర్డు

సింగానల్లూరు మిల్లుల సద్దు అణిగింది. ఇందుజకి మాత్రం సంబరం ఆగట్లేదు. అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డు కొనుక్కుంది! చిన్న కార్డులోకి దాన్ని నడిపే లినక్స్ ఎక్కించి, యంత్రానికి అమ్మని కన్న అవ్వ పేరు పెట్టింది: కన్నమ్మాళ్. అవ్వ పోయి ఏడాదైంది.

“పొద్దు మునిగినాక పోయినోళ్లని పేరు పెట్టి పిలవగూడదు పాపా,” అంది అమ్మ.

“సుమ్మా, ఊరికే మిషన్ పేరేమ్మా!”

బోర్డుకి కరెంటు ఇచ్చి, లాప్‌టాప్‌లో ఆ పేరు టైప్ చేసి పిలిచింది. నెట్‌వర్క్‌లో ఉంటే పలకాలి. ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

తెరమీద జవాబు వచ్చింది.

“పలికిందమ్మా!” ఇందుజ గంతేసింది.

జవాబులు ఆగలేదు. ఒక్కొక్కటీ ముందుదానికంటే త్వరగా వస్తోంది, ఎవరో దగ్గరికి నడిచొస్తున్నట్టు.

అమ్మ చాపమీంచి ఏదో తీసింది. “ఇది నీదేనా? ఈడ పడుండాది.”

లినక్స్ కార్డు. అది లేకపోతే బోర్డు ఉత్త రేకుముక్క. ఇందుజ బోర్డు వైరు పీకేసింది.

తెరమీద ఇంకో జవాబు.

అమ్మ లాప్‌టాప్ మీదికి వంగింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

“మా యమ్మేనా? ఇంగొకతూరి పిలువు పాపా.”