బావ చెప్పిన రెండో సగం

"లాగావా?"

"లాగానక్కా!"

"పూర్తిగా లాగావా, సగమే లాగావా?"

చెల్లెలు కారు అద్దం రెండు వేళ్ల మేర దించి, వాన చప్పుడుకి మించి అరిచింది. "గేరులో పెట్టాను, హ్యాండ్‌బ్రేకూ లాగాను. ఇంకేం చెయ్యమంటావు, తాడేసి కట్టమంటావా?"

గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డ అక్క అయినా తృప్తి పడలేదు. ఆ వీధి బాగా వాలు. పైఇంటి ముందు చేజారిన బంతి కింద కూడలి దాకా ఆగదు.

"ఉత్త గేరునే నమ్ముకోకూడదే. మీ బావ ఏం చెప్పేవారు?"

"వాలులో గేరూ ఉండాలి, బ్రేకూ ఉండాలి అనేవారు. నాకు బండి నేర్పింది ఆయనే తల్లీ! నాకే పాఠం చెబుతావా?"

బావ ముప్పై ఏళ్లు మోటారు షెడ్డు నడిపాడు. అయితే ఆయన ఎప్పుడూ ఆ మాటతో ఆపేవాడు కాదు. "రోజుల తరబడి వానలో నిలబెట్టేటట్టయితే మాత్రం హ్యాండ్‌బ్రేకు లాగొద్దు. లోపల తుప్పు పట్టి కరుచుకుపోతుంది. గేరులో పెట్టి, చక్రం కింద ఓ రాయి పెట్టు, చాలు" అనేవాడు.

ఆ రెండో సగం అక్క చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. మూడు రోజులు వాన తప్పదని పొద్దున్నే రేడియోలో విన్నది మరి.

చెల్లెలు ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఏడాదికి ఒక్కసారి వస్తుంది. రెండు రాత్రులు ఉంటుంది. మూడోరోజు ఏడున్నరకల్లా బండెక్కేస్తుంది. బావ చనిపోయిన ఏడాది "ఇంకో రెండు రోజులుండవే" అని అక్క అడిగితే, "నీకేం, పనా పాటా? నాకక్కడ వార్డుంది" అనేసింది. ఆ తర్వాత అక్క ఎప్పుడూ అడగలేదు. చెల్లెలు కూడా ఆ మాట ఎత్తలేదు. కాకపోతే చెల్లెలు వెళ్లిన రోజు, ఆమె తాగిన కాఫీ గ్లాసును అక్క సాయంత్రం దాకా కడిగేది కాదు.

మూడోరోజు పొద్దున కూడా వాన పడుతూనే ఉంది. చెల్లెలు సంచీ వెనక సీట్లో పడేసి ఇంజను స్టార్టు చేసింది. అక్క మెట్ల మీద ఊపిరి బిగబట్టి నిలబడింది. ఇంజను గట్టిగా అరిచింది. వెనక ఎర్రదీపాలు రెండూ వెలిగాయి. బండి మాత్రం అంగుళం కదలలేదు.

"అక్కా! పట్టేసింది!"

"ఏం పట్టేసిందే?" గొంతులోకి ఆశ్చర్యం తెచ్చుకోవడానికి అక్క నానా తంటాలు పడింది.

"హ్యాండ్‌బ్రేకు! లివరు దించాను, ఫస్టు గేరు వేశాను, ఊహూఁ! అంతా నీ వల్లే. లాగు లాగు అని నా పీక మీద కూర్చున్నావు."

"అయ్యయ్యో, నాకేం తెలుసే?"

"మెకానిక్కు పెళ్లానివి, నీకు తెలియదూ?"

అక్క గొడుగు కిందికి దించి మొహం దాచుకుంది. చూపు పక్కకి తిప్పితే, మెట్ల పక్కన పూలకుండీ ఒకటి ఒరిగిపోయి కనిపించింది. గాలికి కాబోలు అనుకుంది.

బావ దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు, ఇప్పుడు మీసం నెరిసినవాడు, ఆ షెడ్డు నడుపుతున్నాడు. అక్క వంటింట్లోకి వెళ్లి అతనికి ఫోను చేసింది. "నాయనా, ఓ బండి చూడాలి. తొందరేం లేదు, ఎల్లుండి రా" అని గుసగుసగా చెప్పి, బయటికొచ్చి, "పాపం, అతనికి ఊపిరాడనంత పనిట. ఎల్లుండి గానీ రాలేడట" అంది.

చెల్లెలు పెద్దగా నిట్టూర్చి ఆస్పత్రికి ఫోను చేసింది. సంచీ మళ్లీ లోపలికొచ్చింది.

ఆ రెండు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. జుట్టుకి రంగేస్తానని చెల్లెలు అక్క చెవులకి కూడా వేసింది.

"వార్డులో మందులు కూడా ఇలాగే పూస్తావా? రోగులు బతికే ఉంటున్నారా?"

"కదలకుండా నోరు మూసుకున్నవాళ్లు బతుకుతున్నారు."

పేకాటలో అక్క ఒడిలో దాచిన ముక్క కిందపడి దొరికిపోయింది.

"చిన్నప్పటి నుంచీ ఇంతేగా! తొండి ఆడతావు, వెంటనే దొరికిపోతావు."

"నువ్వు ఆడలేదేమిటి తొండి?"

"ఆడాను. దొరకలేదు" అంది చెల్లెలు, ముక్కలు కలుపుతూ.

అనుకున్న రోజు పొద్దున మెకానిక్కు సుత్తి పట్టుకుని వచ్చాడు. చెల్లెలు స్నానానికి వెళ్లింది. అక్కకి ఇక మనసాగలేదు.

"నాయనా, ఎవరికీ చెప్పకు. వానకి కరుచుకుపోతుందని తెలిసే దాని చేత బ్రేకు లాగించాను. పిచ్చిది, నమ్మి లాగింది. సెలవంతా పాడైపోయింది దానికి. ఎంత తప్పు పని చేశానో!"

"గురువుగారు వింటే మిమ్మల్ని షెడ్డులో పెట్టుకునేవారమ్మగారూ" అని నవ్వుతూ అతను వెనక చక్రం దగ్గర వంగాడు. "ఇక్కడ ఇటుక పెట్టింది మీరేనా?"

"ఇటుకా? నేను పెట్టలేదే!" అక్క ఒరిగిన పూలకుండీ వైపు చూసింది. దాని కింద ఉండాల్సిన ఇటుక లేదు.

అతను కారు తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు. సుత్తి తీసి సంచీలో పెట్టేసుకున్నాడు.

"ఏమైంది? విరిగిందా?"

"దీనికి సుత్తెందుకమ్మగారూ? బండి గేరులో ఉంది, అంతే."

"మరి హ్యాండ్‌బ్రేకో?"

అతను లివరును చిటికెన వేలితో ఎత్తి వదిలాడు. అది చప్పుడైనా చేయకుండా తల వాల్చేసింది. "చిన్నమ్మగారు మీకు చెప్పలేదా? పోయినేడు ఆవిడకి నేనే చూపించాను, గేరు చాల్లే అన్నారు."

స్నానాలగదిలోంచి కూనిరాగం వినిపిస్తోంది.

"దీని వైరు తెగి ఏడాదైంది."