పంపరపనస తొక్క

ఆ ఆదివారం పొద్దున ఆకాశం కొండల మీద నుంచి జారి, హ్వాలియెన్ ఊరి ఇళ్ల కప్పులకి ఆనుకుని కూర్చుంది. రాత్రి దాటిపోయిన తుఫాను సముద్రం వైపు ఇంకా గొణుగుతోంది. వాన లేదు. వెలుతురూ లేదు.

మూడో ఏడు వైద్యం చదివే పిల్లలు నలుగురు రెండు స్కూటర్ల మీద కూ మాస్టారి ఇంటికి బయల్దేరారు. అనాటమీ క్లాసులు మొదలయ్యే ముందు, ఏ బ్యాచ్ పిల్లలు ఆ బ్యాచ్ మాస్టారి ఇంటికి వెళ్ళి, నమస్కారం పెట్టి, భోంచేసి రావడం వాళ్ళ కాలేజీలో ఆనవాయితీ.

ఒక బండి వెనక కూర్చున్న పింగ్‌రూయ్ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

"మారిపోరాదూ?" అంది బండి నడుపుతున్న యాహ్వేయ్. "ఆఫీసువాళ్ళే అన్నారుగా, మాస్టారు ముందే తెలిసినాయనైతే వేరే బ్యాచ్‌కి వెళ్ళొచ్చని. సాయంత్రంలోగా చెబితే చాలు."

"చూద్దాం."

"వారం నుంచీ చూస్తూనే ఉన్నావు. మళ్ళీ తిడతాడని భయమా? ఈయన నోట్లోంచి ఒక్క మాట రాదు, పూచీ నాది."

అనేసి, తనే నాలిక్కరుచుకుంది.

రెండో ఏట పింగ్‌రూయ్ కూ మాస్టారి పరిశోధనలో చేరాడు. తెగిన నరం మళ్ళీ ఎలా అతుక్కుంటుందో ఎలుకల్లో చూడడం ఆయన పని. కుర్రాడికది పిచ్చిలా పట్టుకుంది. క్లాసు పుస్తకాలు తెరవడం మానేశాడు. తిండి కూడా మైక్రోస్కోపు పక్కనే. చదువుకోమంటే తలూపి, మళ్ళీ అందులోనే తల దూర్చేవాడు.

అప్పటికే మాస్టారి చేతులు వణుకుతున్నాయి. కోత పనంతా అతనికే అప్పజెప్పారు. ముందు పంపరపనస కాయల మీద నేర్పించారు. పైన పచ్చటి తొక్క మాత్రమే తెగాలి. లోపలి తెలుపు మీద గీత పడిందా, ఆ కాయ అవతల పెట్టి ఇంకోటి చేతికిచ్చేవారు.

"పైపొర ఎక్కడ ఆగుతుందో కంటికి కాదురా, చేతికి తెలియాలి. తొందరపడ్డావంటే ఆ మనిషిని అవమానించినట్టే."

"ఇక్కడ మనిషెవరండీ, పంపరపనసే కదా?"

మాస్టారు నవ్వి ఇంకో కాయ చేతికిచ్చారు.

బయోకెమిస్ట్రీ పరీక్ష పోయింది. ఇంకొక్కటి పోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి. ఆ మర్నాడే మాస్టారు కొక్కేనికి ఉన్న అతని తెల్లకోటు తీసి చేతిలో పెట్టారు.

"ఇంక ఇటు రాకు. వెళ్ళి చదువుకో. ఎలుకలేం నీకోసం ఏడవవు."

"మొదలుపెట్టిన పని సగంలో ఉందండి."

"నాదీ సగంలోనే ఉంది. మూడో ఏట అనాటమీ హాల్లో నీకు మాస్టారిని నేనే. అప్పుడు చూస్తా నీ చెయ్యి."

ఆయన చెప్పేది ఫిజియాలజీ. అనాటమీకి ఆయనెందుకొస్తారు? వదిలించుకోవడానికి అన్న మాటే అనుకున్నాడు పింగ్‌రూయ్. ఆ తర్వాత ఒకసారి ఆసుపత్రి వరండాలో ఆయన చెయ్యెత్తి పిలిచినా, చూడనట్టు మెట్లు దిగిపోయాడు.

ఆ పంతంతోనే చదివాడు. అన్నీ గట్టెక్కాడు. కానీ పుస్తకం ముందు కూర్చున్నప్పుడల్లా వెనక ఎవరో నిలబడి తన చేతినే చూస్తున్నట్టుండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గదిలో పంపరపనస వాసన మాత్రం ఉండేది.

నాలుగో బ్యాచ్‌కి కూ మాస్టారేనని పోయిన వారం ఆఫీసులో చెప్పినప్పుడు, అతను ఆ పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మాస్టారి భార్య తలుపు తీసింది. గుమ్మం పక్కన ఆయన చెప్పులు శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

"తడవలేదు కదా? రండి. అదిగో, ఆ కుర్చీ ఆయనది. అదొక్కటీ వదిలేసి కూర్చోండి."

ఆ కుర్చీ ముందు కూడా గిన్నె పెట్టి, అన్నం వడ్డించి, తినే పుల్లలు పక్కన సర్దింది.

"మీలో పింగ్‌రూయ్ ఎవరు?"

"నేనేనండి, అమ్మగారూ."

"తిట్టి పంపారని అలిగావటగా."

అతను తల దించుకున్నాడు.

"చదువు చెడితే అనాటమీ దాకా రాలేవని ఆయన బెంగ. నీ బ్యాచ్‌కే తనని వెయ్యమని పట్టుబట్టిందీ ఆయనే. పసివాడు, అంత బరువు మొయ్యలేడన్నాను. వింటేనా? ఒట్టి మొండి మనిషి."

లోపలికి వెళ్ళి ఒక పంపరపనస, చిన్న కత్తి తెచ్చి అతని ముందు పెట్టింది.

"కొయ్యి నాయనా. చూస్తాను."

పింగ్‌రూయ్ కత్తి పట్టుకున్నాడు. తొక్క మెల్లగా, ఎక్కడా తెగకుండా పాయలా ఊడి వచ్చింది. ఆమె కాయని చేతుల్లోకి తీసుకుని, తెల్లటి పొర మీద బొటనవేలితో చుట్టూ తడిమి చూసింది. ఎక్కడా గీత తగల్లేదు.

"సరిపోతుంది" అంది కాయ పక్కన పెట్టి. "ఇంక నాకు భయం లేదు. సాయంత్రం ఆఫీసుకి ఏం చెబుతావు?"

"మారనండి. నా చెయ్యి చూస్తానన్నారు కదా."

ఆమె చేప ముక్క ఒకటి తీసి అతని గిన్నెలో వేసింది. అందరూ తిన్నారు. తెల్లవారితే అనాటమీ హాల్లో, నాలుగో బల్ల మీద కప్పిన తెల్లగుడ్డ తీసి, పిల్లల చదువుకని ఒళ్ళు రాసిచ్చి పోయిన కూ మాస్టారి ఛాతీ మీద తొలి గాటు పెట్టాల్సింది పింగ్‌రూయే.